పెద్దల వెంట నొక దినము

మన పట్టణము మాఱినదని చెప్పనివారు లేరు. ఎట్లు మాఱినదో చెప్పగలవారు మన యిండ్లలోనే యున్నారు. వారిని మన మడుగుట లేదు. సెలవు దినమున విద్యార్థులు తలిదండ్రులను పెద్ద యంగళ్లకును, మెట్రో రైలునకును తీసికొనిపోయి, “ఇదిగో, చూడుడు” అని చూపుచుందురు. మంచిదే. కాని యెల్లప్పుడును చూపువాడు పిల్లవాడును, చూచువాడు తండ్రియు నగుట మాకు తలక్రిందుల వ్యవహారముగా తోచుచున్నది.

గత చలికాలమున మేము డెబ్బదియేండ్లు దాటిన మా తండ్రిగారితో పటాన్‌చెరు మొదలు సుల్తాన్‌పూర్ వఱకు నొక దినమెల్ల తిరిగితిమి. త్రోవ చెప్పుట వారి వంతు, వినుట మా వంతు అని ముందే యేర్పఱచుకొంటిమి. సుల్తాన్‌పూర్ నేడు 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు మీదినుండి దిగుచోట్లలో నొకటి. 2017లో నచట వైద్యపరికరముల పారిశ్రామికవాడ ప్రారంభింపబడెను. గుండె రక్తనాళములలో నమర్చెడు స్టెంట్లు మొదలగునవి యందు తయారగుచున్నవి. మా తండ్రిగారు ఆ భవనములను చాలసేపు మెచ్చుకొని, పిమ్మట నేలవైపు చూడసాగిరి. “వాన నీళ్లు ఎటు పోతున్నయి బిడ్డా?” అని వారడిగిరి.

పల్లెలో పెరిగినవారికి ఎచట కట్ట, ఎచట తూము, ఏ వైపున నలుగు పాఱునను నదియే భూగోళశాస్త్రము. దారిలో నొక క్రొత్త యిండ్లవరుసను చూపి, “ఇది శిఖం భూమి. వానకాలం ఇక్కడ బర్లు ఈత కొడుతుండె” అనిరి. చెఱువు నిండినప్పుడు మునుగు నేలను మా ప్రాంతమున శిఖమందురు. ఈ మాట యెఱిగియుండుట వట్టి ముచ్చట కాదు. 2024 సెప్టెంబరులో హైడ్రా యధికారులు కూకట్‌పల్లి నల్లచెఱువు నందును, అమీన్‌పూర్ మండలములోని కిష్టారెడ్డిపేట, పటేల్‌గూడలయందును కట్టడములను కూల్చిరి. కొన్నిట చెఱువు భూమి యనియు, కొన్నిట ప్రభుత్వ భూమి యనియు కారణము చెప్పిరి. ఇల్లు కొనువారు పత్రములు చూతురు, బ్యాంకువారి నడుగుదురు. ఆ యూరి ముసలివానిని నేల సంగతి యడుగువారెందఱు? ముసలివాని మాట దస్తావేజు కాదు, నిజమే. దస్తావేజును మఱియొకమాఱు చూడుమని హెచ్చరించుటకు మాత్రము చాలును.

నక్కవాగు సంగతియు నిట్టిదే. పరిశ్రమల మురుగు దానిలో కలిసి పొలములు చెడగా, 1990లో వ్యాజ్యము సుప్రీంకోర్టు కెక్కినదని మేము చదివియుంటిమి. మా తండ్రిగారు ఆ వాగు ఇసుకలో చెలిమె తీసి నీరు త్రాగినవారు. ఎంతలోతు తీసెడివారో మోచేయి పట్టి చూపిరి. చదివినదానికిని, ఆ మోచేతికిని గల దూరమును మా విద్యార్థులు తామే పోయి కొలుచుకొనవలెను.

పూర్వమే మేలనువారితో మాకు పొత్తు లేదు. మా తండ్రిగారికిని లేదు. 1960ల దశకమున రామచంద్రాపురమున భెల్ కర్మాగారము వచ్చుటచేతనే తమ యీడువారు పెక్కురు నెలజీతము చూచిరని వారే చెప్పిరి. అమీన్‌పూర్ చెఱువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటింపబడినదని మేము కొంత గొప్పగా చెప్పగా, “పక్షులకు ముందే తెలుసు” అని నవ్విరి.

బీహారు, ఒడిశా మొదలగు రాష్ట్రములనుండి పనికి వచ్చినవారి పిల్లలును ఈ ప్రాంతపు బడులలో చదువుచున్నారు. “మా నాన్న ఇక్కడివాడు కాడు, ఆయన కేమి తెలియును?” అని వారనుకొనవచ్చును. ఇరువదియేండ్ల క్రిందట మూటతో దిగినవాడు నేటి పటాన్‌చెరునకు పాతకాపే. ఆయన దిగిన చోటు, మొదట అద్దెకున్న గది, తొలిజీతమునాడు భోజనము చేసిన హోటలు—ఇప్పు డచట నేమున్నదో చూచుటతో వారి దినమును మొదలిడవచ్చును. ఒక గొడుగు, ఒక సీసాడు నీరు వెంట నుండవలెను. పెద్దవారు నడుమ నడుమ నిలిచిపోవుదురు. అట్లు నిలిచినచోటనే చెప్పదగినదేదో యుండును గావున, వారిని తొందరపెట్టరాదు.