ఊరు నీళ్ళ పాలు, మనుషులు ఎడారి పాలు

దూరపు కొండలు నునుపంటారు పెద్దలు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాని చేతి గడియారం, టేపు రికార్డరు, అత్తరు వాసన చూసి ఒకప్పుడు పల్లెల్లోని కుర్రకారు పాస్‌పోర్టు కోసం పరుగులు తీశారు. 1973లో చమురు ధరలు పెరిగి అరబ్బు దేశాల్లో కట్టడాలు జోరందుకున్నాయి. ఆ తర్వాత కరీంనగర్, నిజామాబాద్, మెదక్ జిల్లాల నుంచి మొదలైన ప్రయాణాలు నేటికీ ఆగలేదు. 'దుబాయి, బొంబాయి, బొగ్గుబాయి' అన్న మాట ఊరికే పుట్టలేదు.

అక్కడికి చేరిన మనిషికి రోజూ కనిపించేదేమిటి? తెల్లవారుజామున నాలుగింటికే క్యాంపులో దీపాలు వెలుగుతాయి. ఒక్కో గదిలో ఆరుగురో, ఎనిమిది మందో. ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు. రాత్రి వండుకున్న అన్నం, పప్పు డబ్బాలో సర్దుకొని బస్సు కోసం వరుసలో నిలబడాలి. దుబాయిలో రోడ్డు దాటకూడని చోట దాటితే 400 దిర్హాముల జరిమానా. నెలకు వెయ్యి దిర్హాములు తెచ్చుకునే కూలీకి అది పన్నెండు రోజుల కష్టం.

మంచిని మంచి అనవలసిందే. యు.ఎ.ఇ.లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించరాదన్న నిబంధన ఉంది. కంపెనీలు జీతాలను బ్యాంకుల ద్వారానే చెల్లించాలన్న పద్ధతిని 2009లో తెచ్చారు. మన ఇటుక బట్టీల కూలీలకు ఇలాంటి భరోసా ఎంతవరకు ఉందో ఎవరికి వారు ఆలోచించుకోవచ్చు.

కానీ ఈ నీడంతా కాగితాలు సరిగా ఉన్నవారికే. విజిట్ వీసా మీద పోయి పనిలో చేరినవాడు, యజమానిని వదిలి బయటపడినవాడు అక్కడ 'ఖల్లివెల్లి'. జీతం ఎగ్గొట్టినా అడగలేడు, జబ్బు చేసినా ఆసుపత్రికి పోవడానికి జంకుతాడు. భాష సంగతీ చిత్రమే. ఉర్దూ మాటలు నోట నానిన మన ప్రాంతం వారికి అరబ్బీలో కొన్ని మాటలు తెలిసినట్టే వినిపిస్తాయి. అర్థం మాత్రం వేరు. ఇక్కడ 'మాఫీ' అంటే బాకీ రద్దు. అక్కడి వాడుకలో 'మాఫీ' అంటే 'లేదు'. జీతం అడిగినవానికి ఆ మాట ఎదురైతే తెలుస్తుంది తేడా.

వేములఘాట్ వారికి ఈ కథలో ఇంకొక మెలిక ఉంది. దుబాయి నగరానికి నది లేదు. సముద్రపు నీటిలోని ఉప్పు తీసి తాగుతారు. ఎడారిలో నీళ్ళ సీసా కొనుక్కునే వేములఘాట్ మనిషి సొంత ఊరేమో 50 టి.ఎం.సి.ల మల్లన్నసాగర్ కింద ఉంది. భూసేకరణ తీరును కాదని 2016 జూన్‌లో ఆ గ్రామస్థులు రిలే నిరాహార దీక్షకు కూర్చున్నారు. వందల రోజులు సాగించారు. అయినా 2021లో ఊరు ఖాళీ అయింది. 2022 ఫిబ్రవరి 23న జలాశయం ప్రారంభమైంది. గ్రామస్థులు గజ్వేల్ దగ్గరి ముట్రాజ్‌పల్లి పునరావాస కాలనీకి చేరారు.

పూర్వం గల్ఫ్ పోయినవానికి వెనక ఒక ఊరు ఉండేది. పంపిన పైసలతో బోరు వేయించేవాడు, ఎకరం కొనేవాడు. అక్కడ దెబ్బ తిన్నా వచ్చి నాగలి పట్టుకునేవాడు. కాలనీలో ఇల్లు ఉంది గాని, పట్టుకోవడానికి దుక్కి లేదు. అందుకే భూమి పోయిన కుటుంబాల పిల్లల ప్రయాణాన్ని మిగతావారి ప్రయాణంతో సమంగా చూడడం పొరపాటు. పరిహారం సొమ్ము దొంగ ఏజెంటు చేతిలో పడితే ఆ ఇంటికి రెండోసారి ముంపు వచ్చినట్టే.

'ఎవరు పొమ్మన్నారు? ఇష్టపడి పోయారు' అనేవారు లేకపోలేదు. చేతిలో పని, కాలి కింద భూమి ఉండి పోతే అది ఇష్టం. రెండూ లేక పోతే అది గత్యంతరం లేకపోవడం. ఈ తేడాను పాలకులు గుర్తించాలి.

పోయేవారూ కొన్ని తెలుసుకోవాలి. ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందా అని చూడాలి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన ఫీజు రూ.30,000, దానిపై పన్ను మాత్రమే. పదో తరగతి దాటనివారు గల్ఫ్‌కు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ అనుమతి, ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్ళకు రూ.275 ప్రీమియం, దానిపై పన్ను. ప్రమాదంలో మరణిస్తే రూ.10 లక్షలు. విజిట్ వీసా మీద పోయినవానికి ఈ రక్షణ ఉండదు. గల్ఫ్‌లో మరణించిన కార్మికుని కుటుంబానికి రూ.5 లక్షలు ఇచ్చేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వులు ఇచ్చింది.

ఈ సంగతులు హైదరాబాదు కార్యాలయాల గోడల మీద ఉంటే చాలదు. మండల కేంద్రంలో, పునరావాస కాలనీల్లో వారానికి ఒక రోజైనా ఒక అధికారి కూర్చొని వీసా కాగితాలు చదివి చెప్పాలి. మేస్త్రీ, వెల్డింగు, ఎలక్ట్రీషియన్ పనులు ఇక్కడే నేర్పాలి. చేతిలో పని ఉన్నవాడు పోయినా గౌరవంగా బతుకుతాడు, పోకున్నా బతుకుతాడు.

జలాశయం కోసం ఊరిని ఇచ్చినవారు మళ్ళీ మనుషులను కూడా ఇచ్చుకోవలసిన స్థితి రాకూడదు. ఆ నీళ్ళతో పచ్చబడిన పొలాలు ఎవరివైనా, ఆ బాకీ మాత్రం అందరిదీ. అది మాఫీ అయ్యే బాకీ కాదు.