అధికార పక్షంలో లేని ఎమ్మెల్యే పనికిరాడా?

2023 నవంబరు 30న ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని పది అసెంబ్లీ స్థానాలకు పోలింగ్ జరిగింది. తొమ్మిది చోట్ల సిట్టింగ్ ఎమ్మెల్యేలే మళ్లీ బరిలో నిలిచారు. డిసెంబరు 3న లెక్క తేలేసరికి వారిలో నిలబడ్డది ఒక్కరే, మధిర నుంచి మల్లు భట్టి విక్రమార్క. ఖమ్మంలో మంత్రి పువ్వాడ అజయ్‌కుమార్, పాలేరులో కందాల ఉపేందర్‌రెడ్డి, సత్తుపల్లిలో సండ్ర వెంకటవీరయ్య, కొత్తగూడెంలో వనమా వెంకటేశ్వరరావు, పినపాకలో రేగా కాంతారావు, ఇల్లెందులో బానోత్ హరిప్రియ, అశ్వారావుపేటలో మెచ్చా నాగేశ్వరరావు, భద్రాచలంలో పొదెం వీరయ్య, ఇలా ఎనిమిది మందీ ఓడిపోయారు.

ఇదంతా కాంగ్రెస్ గాలి అని తేల్చేయడం సులువు. రాష్ట్రంలో ప్రభుత్వమే మారిన ఎన్నిక అది. ఉమ్మడి జిల్లాలో ఎనిమిది స్థానాలు కాంగ్రెస్‌కు, కొత్తగూడెం దాని మిత్రపక్షం సీపీఐకి దక్కాయి. కానీ ఆ గాలి భద్రాచలంలో వీయలేదు. అక్కడ ఓడిన సిట్టింగ్ ఎమ్మెల్యే కాంగ్రెస్ మనిషే. గెలిచింది బీఆర్ఎస్ అభ్యర్థి డాక్టర్ తెల్లం వెంకట్రావు, అదీ ఆరు వేల లోపు మెజారిటీతో. పార్టీ మారినవాళ్లు ఓడారు, మారని వీరయ్యా ఓడారు. కాబట్టి ఫిరాయింపుకు ఓటరు వేసిన శిక్ష అన్న ఒక్క మాటతోనూ పని జరగదు. ప్రత్యర్థుల విమర్శలకు ఈ ఎమ్మెల్యేలు ఏమని జవాబిచ్చుకున్నారో చూస్తే తప్ప అసలు సంగతి అర్థం కాదు.

2018లో ఈ జిల్లాలో టీఆర్ఎస్ (తర్వాత బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న పార్టీ) గెలిచింది ఖమ్మం ఒక్కటే. కాంగ్రెస్‌కు ఆరు, తెలుగుదేశానికి రెండు వచ్చాయి. వైరాలో ఇండిపెండెంట్‌గా రాములు నాయక్ గెలిచారు. ఆ తర్వాత ఏడుగురు ఒకరి వెంట ఒకరు గులాబీ కండువా కప్పుకున్నారు. 2019 జూన్‌లో పన్నెండు మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు మూడింట రెండొంతుల లెక్క చూపించి శాసనసభా పక్షాన్నే టీఆర్ఎస్‌లో విలీనం చేసినప్పుడు, అందులో నలుగురు మన జిల్లావాళ్లే. అందరూ చెప్పుకున్న కారణం ఒక్కటే: నియోజకవర్గ అభివృద్ధి కోసం.

గిరిజన రిజర్వుడు స్థానాలను కాస్త నిదానంగా చూడాలి. పినపాకలో 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి గెలిచిన పాయం వెంకటేశ్వర్లు టీఆర్ఎస్‌లో చేరారు. 2018లో కాంగ్రెస్ అభ్యర్థి రేగా కాంతారావు చేతిలో ఓడారు. రేగా టీఆర్ఎస్‌లో చేరారు, 2023లో కాంగ్రెస్ టికెట్‌పై వచ్చిన అదే పాయం చేతిలో ఓడారు. ఇల్లెందులోనూ అదే కథ. 2014లో కాంగ్రెస్ నుంచి గెలిచి టీఆర్ఎస్‌కు వెళ్లిన కోరం కనకయ్య 2018లో హరిప్రియ చేతిలో ఓడిపోయారు. ఆమే టీఆర్ఎస్‌లో చేరాక, 2023లో కనకయ్య కాంగ్రెస్ అభ్యర్థిగా తిరిగొచ్చి ఆమెను ఓడించారు. అశ్వారావుపేటలో తాటి వెంకటేశ్వర్లు, ఆయన తర్వాత మెచ్చా నాగేశ్వరరావు ఇదే దారిలో వెళ్లి ఇదే ఫలితం చూశారు. వైరాలో బానోత్ మదన్‌లాల్ అలాగే చేరి 2018లో ఓడారు. ఆయన్ను ఓడించి అదే పార్టీలో చేరిన రాములు నాయక్‌కు ఐదేళ్ల తర్వాత టికెట్టే దక్కలేదు. నాలుగు నియోజకవర్గాలు, వరుసగా రెండు దఫాలు, ఎనిమిది గెలుపులు. ఎనిమిది మందీ అధికార పక్షానికే చేరారు. వారిలో ఒక్కరూ వెంటనే వచ్చిన ఎన్నికలో గెలిచి సభకు వెళ్లలేదు.

పినపాకలో, ఇల్లెందులో ‘గోడ దూకావు’ అన్న ఆరోపణకు అసలు పదునే లేదని గమనించాలి. అన్నవారూ దూకినవారే. అయినా సిట్టింగులు ఓడారంటే వారిని దెబ్బతీసింది ప్రత్యర్థి నిందకన్నా వారి సొంత జవాబే అని నా అభిప్రాయం. అభివృద్ధి కోసమే మారానన్న మనిషి తన పదవీకాలాన్ని కొలిచే తూకపు రాయిని తానే ఓటరు చేతికి ఇచ్చాడు. అందుకోసమే వెళ్లావు కదా, ఏదీ చూపించు అని గూడెంలో అడుగుతారు. అధికార పక్షంలో ఉండి కూడా చూపించలేకపోతే చెప్పుకోవడానికి ఇంకేమీ మిగలదు.

అడవి అంచున అభివృద్ధి అంటే మొదట పోడు పట్టా. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ పట్టాల పంపిణీ మొదలుపెట్టారు. రాష్ట్రం మొత్తం మీద 4.06 లక్షల ఎకరాలకు, సుమారు లక్షా యాభై వేల మందికి. అన్ని జిల్లాల్లోకీ పెద్ద వాటా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకే వచ్చింది. ఇది చిన్న పని కాదు. తరతరాలుగా ఫారెస్టు వాళ్లతో కేసులు, జరిమానాలు, కందకాల మధ్య సాగు చేసుకున్న కుటుంబానికి ఆ కాగితం విలువ బయటివారికి అందదు. ఆ పని చేసిన పార్టీ, సరిగ్గా ఐదు నెలల తర్వాత పోడు ప్రాంతంలోనే ఎందుకు ఓడింది? దరఖాస్తుల్లో అడిగిన విస్తీర్ణం 12 లక్షల ఎకరాల పైమాట. అధికార పక్షం ఇచ్చిన నాలుగు లక్షలు చెప్పింది, ప్రత్యర్థులు ఇవ్వని ఎనిమిది లక్షలు చెప్పారు. రెండూ నిజమే. ఈ రెండు అంకెల మధ్య నలిగిపోయినవాడు, దరఖాస్తు పెట్టి పట్టా రాక, ఎందుకు రాలేదో తెలియని రైతు. అటవీ హక్కుల చట్టం కింద తిరస్కరిస్తే కారణంతో సహా రాతపూర్వకంగా చెప్పాలి. 60 రోజుల్లో పై కమిటీకి అప్పీలు చేసుకునే హక్కుంది. ఏ గూడెంలో ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని ఏ కారణంతో ఆగాయి, ఎన్నింటికి అప్పీలు వేయించాం అన్న జాబితా పట్టుకుని గ్రామసభ ముందు నిలబడే ఎమ్మెల్యేకు ఏ విమర్శకైనా భయపడే అవసరం ఉండదు. అలాంటి జాబితాకు ప్రభుత్వ నిధులు అక్కర్లేదు. తిరిగే కాళ్లు, దగ్గర కూర్చుని చదివే ఓపిక కావాలి.

రెండోది వరద. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిన తర్వాత అంత నీరు మళ్లీ అప్పుడే చూశాం. మర్నాడు భద్రాచలం వచ్చిన కేసీఆర్ ముంపు సమస్య శాశ్వత పరిష్కారానికి వెయ్యి కోట్లు ప్రకటించారు. ఎన్నికల నాటికి ఆ డబ్బు రాలేదు. ప్రతిపక్ష ఎమ్మెల్యే పొదెం వీరయ్య చేతిలో ఇంతకన్నా బలమైన ఆయుధం ఏముంటుంది? అయినా ఆయనే ఓడారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ ఓటమే. 2018లో కాంగ్రెస్ నుంచి గెలిచిన ఆరుగురిలో పార్టీ మారనివారు ఇద్దరే, భట్టి, వీరయ్య. నిలబడ్డవారిగా ఇద్దరికీ గౌరవం దక్కాలి. కానీ ‘ఐదేళ్లలో ఏం చేశావు’ అన్న దాడికి ప్రతిపక్ష ఎమ్మెల్యేల పక్షం నుంచి ఎక్కడైనా వినబడే జవాబు ఒకటుంది: మాకు నిధులివ్వలేదు. భట్టికి అప్పుడు ఇంకో జవాబు కూడా ఉండేది. ఆదిలాబాద్ జిల్లా పిప్రి నుంచి ఖమ్మం దాకా నడిచిన పాదయాత్ర ఉండేది. తమ ప్రభుత్వం వస్తే తమ ఎమ్మెల్యే పెద్ద పదవిలో ఉంటాడన్న ఆశ మధిర ఓటరుకు ఉండేది. భద్రాచలం ఓటరుకు ఆ ఆశా లేకపోయింది.

ఇప్పుడు రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూడండి. మారినవాడు అంటున్నాడు, అధికార పక్షంలో ఉంటేనే పనులవుతాయి, అందుకే వెళ్లాను. మారనివాడు అంటున్నాడు, అధికార పక్షంలో లేను కాబట్టి పనులు కాలేదు. ఇద్దరూ ఓటరుకు నేర్పుతున్న పాఠం ఒక్కటే: ప్రతిపక్ష ఎమ్మెల్యే దండగ. భద్రాచలం ఓటరు ఆ పాఠాన్ని నమ్మి, అప్పటి అధికార పార్టీ అభ్యర్థిని ఎన్నుకున్నాడని నా అంచనా. రాష్ట్రం వేరే తీర్పు ఇచ్చింది. అధికార పక్షం కోసం వేసిన ఓటు ప్రతిపక్షంలో పడింది. 2024 ఏప్రిల్‌లో వెంకట్రావు కాంగ్రెస్‌లో చేరారు. ఎన్నికల ముందు 2023 జులైలో మాజీ ఎంపీ పొంగులేటి శ్రీనివాసరెడ్డి వెంట కాంగ్రెస్‌కు వెళ్లి, ఆగస్టులో బీఆర్ఎస్‌కు తిరిగి వచ్చిన నాయకుడే ఆయన.

నిధుల మాటలో నిజం లేదని అనడం లేదు. ఓడిన అధికార పక్ష అభ్యర్థి నియోజకవర్గ ఇన్‌చార్జి హోదాలో అధికారులతో సమీక్షలు చేయడం, లబ్ధిదారుల జాబితాలు ఆయన ఇంటి నుంచి రావడం, గెలిచిన ఎమ్మెల్యేకు శిలాఫలకం మీద పేరు మాత్రమే మిగలడం రెండు ప్రభుత్వాల్లోనూ చూశాం. ఇది ఓటరును అవమానించే పద్ధతి, దీన్ని ఎదిరించాలి. అయితే ఎదిరించడం వేరు, దాన్నే సాకుగా చూపించి ఊరుకోవడం వేరు.

ఈ అడవిలోనే ఇందుకు భిన్నమైన చరిత్ర ఉంది. సీపీఎం నాయకుడు కుంజా బొజ్జి భద్రాచలం నుంచి 1985, 1989, 1994లో వరుసగా మూడుసార్లు గెలిచారు. సున్నం రాజయ్య 1999, 2004, 2014లో గెలిచారు. ఇద్దరూ కోయ బిడ్డలే. ఇద్దరూ ఒక్కరోజు కూడా అధికార పార్టీ ఎమ్మెల్యేలు కారు. బస్సుల్లో, ఆటోల్లో తిరిగిన రాజయ్యను, ఎమ్మెల్యేగా చేసినా మామూలు గిరిజన రైతులా బతికిన బొజ్జిని వారి నిరాడంబరత కోసమే పత్రికలు ఎక్కువగా తలుచుకున్నాయి. వారిని మళ్లీ మళ్లీ గెలిపించింది మాత్రం నిరాడంబరత ఒక్కటే కాదు. పోడు, కూలి రేట్లు, పోలవరం ముంపు, ఇలా గూడెం అడిగే ప్రతి ప్రశ్న మీదా ఎన్నికలకూ ఎన్నికలకూ మధ్య ఉద్యమం నడిచింది. ‘ఏం చేశావు’ అన్న ప్రశ్నకు జవాబు ఆ ఊరివాళ్ల దగ్గరే ఉండేది, అభ్యర్థి వేదిక మీద వెతుక్కోవాల్సిన పని లేదు.

వారికీ ఓటమి తప్పలేదు. 2009లో కాంగ్రెస్ అభ్యర్థి కుంజా సత్యవతి చేతిలో రాజయ్య ఓడిపోయారు. పార్టీ మార్చలేదు, ఐదేళ్లు అక్కడే పనిచేసుకుని 2014లో తిరిగి గెలిచారు. తెలంగాణ తొలి సభలో సీపీఎంకు ఆయన ఒక్కరే. ఆ వెంటనే పోలవరం కోసం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఆయన నియోజకవర్గంలోని చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు, పట్టణం మినహా మిగతా భద్రాచలం మండలం ఆ రాష్ట్రానికి పోయాయి. రాజయ్య సొంత ఊరూ పోయింది. ఆయన్ను గెలిపించిన గిరిజనుల్లో పెద్ద భాగం ఒక రాష్ట్రంలో, ఆయన కూర్చున్న శాసనసభ ఇంకో రాష్ట్రంలో. 2019లో ఆంధ్రలోని రంపచోడవరం నుంచి పోటీ చేసి ఓడారు. 2020 ఆగస్టులో కోవిడ్‌తో కన్నుమూశారు. తాను పనిచేసిన జనమంతటి ముందుకూ ఒకే నియోజకవర్గంలో వెళ్లి లెక్క అప్పజెప్పి మళ్లీ ఓటడిగే అవకాశం లేకుండా పోయిన ఎమ్మెల్యే ఆయన. ఇప్పుడు భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు మండలాలతో, లక్షన్నర లోపు ఓటర్లతో రాష్ట్రంలోనే చిన్న నియోజకవర్గం మిగిలింది.

దాడుల నాణ్యత గురించి కూడా ఒక మాట. 2023 అక్టోబరులో పాలేరు సభలో కేసీఆర్, తన పార్టీ వదిలి కాంగ్రెస్‌లో చేరిన తుమ్మల నాగేశ్వరరావును, ఓడి ఇంట్లో కూర్చుంటే పిలిచి మంత్రి పదవి ఇచ్చానని ఎత్తిపొడిచారు. తుమ్మల వైపు నుంచి పాత తెలుగుదేశం రోజుల లెక్కలు బయటికి వచ్చాయి. ఎవరు ఎవరికి పదవి ఇప్పించారన్నది ఇద్దరు నాయకుల సొంత గొడవ. దానివల్ల ఏ ఊరి ప్రశ్నా తీరలేదు. దీనికి భిన్నంగా కొత్తగూడెంలో 2018లో వనమా చేతిలో ఓడిన జలగం వెంకట్రావు వేసిన ప్రశ్న కాగితాల మీద నడిచింది. వనమా ఎన్నికల అఫిడవిట్‌లో ఆస్తుల వివరాలు దాచారని ఆయన హైకోర్టుకెళ్లారు. 2023 జులై 25న హైకోర్టు ఆ ఎన్నిక చెల్లదని తీర్పు చెప్పింది. ఆగస్టులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఎన్నికల పిటిషన్లను ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని ప్రజాప్రాతినిధ్య చట్టమే చెబుతున్నా, తీర్పు వచ్చేసరికి పదవీకాలం దాదాపు అయిపోయింది. అభ్యర్థి వ్యక్తిగత నడత మీద అబద్ధపు ప్రచారం చేస్తే అదే చట్టంలోని 123(4) సెక్షన్ కింద అవినీతి చర్యే. కానీ పోలింగ్‌కు రెండు రోజుల ముందు వాట్సాప్‌లో తిరిగే ఆడియోకు ఆ సెక్షన్ అందదు. అమెరికాలో సెనేట్ అభ్యర్థి టీవీ ప్రకటనలో ఇది నా ఆమోదంతోనే వస్తోందని సొంత గొంతుతో చెప్పాలని 2002లోనే చట్టం చేశారు. మన చర్ల, దుమ్ముగూడెం ఫోన్లలో తిరిగే మాటకు యజమాని ఎవరో ఎవరికీ తెలియదు.

పార్టీ మారిన పది మంది తెలంగాణ ఎమ్మెల్యేల అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌ను ఆదేశించింది. ఆ పది మందిలో భద్రాచలం ఎమ్మెల్యే కూడా ఉన్నారు. చట్టం సంగతి చట్టం చూసుకుంటుంది. మళ్లీ ఓటడగడానికి వచ్చే ఎమ్మెల్యేను, ఆయన ఏ కండువాతో వచ్చినా, భద్రాచలం ఓటర్లు మూడు కాగితాలు అడగాలి. మా గూడెంలో ఆగిన పోడు దరఖాస్తుల జాబితా, గోదావరి వరదను ఆపే కరకట్టకు మంజూరైన, ఖర్చయిన డబ్బు లెక్క, మా పేరున శాసనసభలో రాతపూర్వకంగా వేసిన ప్రశ్నలు. ఎదుటి అభ్యర్థిని తిట్టకముందే ఆ మూడూ చదివి వినిపించమనండి, తెలుగులోనూ, కోయలోనూ.