గదికి ఇంకొక్క ప్లగ్ పెట్టించండి

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్‌బీ నగర్‌లలో హాస్టళ్లు నడిపేవారికీ, వాటిలో ఉండి చదువుకుంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ విజ్ఞప్తి.

మెట్రో పిల్లర్ల వెనక సందులో నాది ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు బాగుచేసే చిన్న షాపు. బ్యాటరీ మారిస్తే నాకు నాలుగు డబ్బులు మిగులుతాయి. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది నా గల్లాపెట్టెకు నష్టమే. అయినా చెప్తాను.

పోయిన మే నెలలో ఒకమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది. గ్రూప్స్‌కి చదువుతోంది. "అన్నా, మౌస్ ప్యాడ్ నొక్కుడు పడ్తలేదు, జర చూడవా" అంది. బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ కుదురుగా కూర్చోలేదు, కాలు విరిగిన పీటలా టకటకా ఊగింది. మౌస్ ప్యాడ్‌కి ఏమీ కాలేదు. వెనక స్క్రూలు విప్పి చూస్తే లోపల బ్యాటరీ మూడు గడుల్లో రెండు పూరీల్లా పొంగి ఉన్నాయి. అవి కిందినుంచి తంతుంటే ప్యాడ్ ఎట్లా దిగుతుంది?

"చార్జర్ ఎప్పుడు తీస్తవమ్మా?" అని అడిగాను.

"తియ్యనన్నా. తీస్తే ఆ ప్లగ్గు ఇంకొకళ్లు పట్టుకుంటరు."

ఆ మాట విన్న రోజు నుంచి నా దగ్గరికి వచ్చే ప్రతి ఉబ్బిన బ్యాటరీ వెనకా ఒక గది కనిపిస్తోంది. నలుగురు ఉండే గది, ఒక స్విచ్ బోర్డు, అందులో పనిచేసే ప్లగ్గు ఒక్కటి. రాత్రి పదకొండుకి గాని వంతు రాదు. వచ్చినప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? నూరు శాతం నింపుకుంటారు. నింపినా తీయరు, పొద్దున క్లాసుకి పోయేదాకా దిండు పక్కనే వదిలేస్తారు. పిల్లలకి తెలివి లేక చేసే పని కాదది. నీళ్ల ట్యాంకర్ వచ్చినప్పుడు బిందెలన్నీ నింపి పెట్టుకునే బస్తీ అలవాటు ఎట్లాంటిదో ఇదీ అంతే.

అయితే లిథియం బ్యాటరీ బిందె కాదు. నూరు దగ్గర నిండుగా ఉన్నప్పుడే దాని లోపల ఒత్తిడి ఎక్కువ. ఆ ఒత్తిడికి లోపలి ద్రావణం కొద్దికొద్దిగా విరిగి గ్యాసు పుడుతుంది. బ్యాటరీ ఉబ్బేది ఆ గ్యాసు వల్లే. దానికి వేడి తోడైతే ఈ పని వేగంగా నడుస్తుంది. కెనడాలోని కేడెక్స్ కంపెనీ నడిపే బ్యాటరీ యూనివర్సిటీ పట్టికలో ఒక లెక్క ఉంది: 25 డిగ్రీల్లో 40 శాతం చార్జింగ్‌తో ఏడాది పక్కన పెట్టిన బ్యాటరీకి 96 శాతం సత్తువ మిగులుతుంది. 40 డిగ్రీల్లో నిండుగా పెడితే మిగిలేది 65. ఇక మన ఎండాకాలంలో పైఅంతస్తు రేకుల గది సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పెంట్‌హౌస్ అని ముద్దుగా పిలుస్తారు గానీ, ఏప్రిల్ వచ్చిందంటే అది పొయ్యి మీద పెనమే.

మన పెద్దవాళ్లది ఇంకో నమ్మకం: ఫోన్ మొత్తం ఆగిపోయాకే చార్జింగ్ పెట్టాలని. 2000లో వచ్చిన నోకియా 3310 రోజుల్లో, నికెల్ బ్యాటరీలున్నప్పుడు, ఆ మాటలో కొంత నిజం ఉండేది. ఇప్పటి బ్యాటరీకి పదే పదే సున్నాకి దింపడం చెరుపే. ముప్పైకి దిగగానే పెట్టి ఎనభై దగ్గర తీసేస్తే దానికి హాయి. కానీ ఒక్క ప్లగ్గున్న గదిలో రోజుకి రెండుసార్లు కొంచెం కొంచెంగా పెట్టుకో అని ఏ ముఖంతో చెప్పను? అందుకే ఈ విజ్ఞప్తి ముందు యజమానులకు.

అన్నలారా, అమ్మలారా, మీ భయం నాకు తెలుసు. ప్లగ్గులు పెంచితే పిల్లలు వాటర్ హీటర్లు, కరెంటు కెటిళ్లు, ఇండక్షన్ పొయ్యిలు పెడతారు, బిల్లు పేలిపోతుంది, వైర్లు కాలిపోతాయి. నిజమే. దానికి ఉపాయం ఉంది. ఫోన్లకీ ల్యాప్‌టాప్‌లకీ మాత్రమే విడిగా ఒక లైను లాగించి, దానికి 2 ఆంప్‌ల ఎంసీబీ పెట్టించండి. నాలుగు ల్యాప్‌టాప్‌లు, నాలుగు ఫోన్లు ఒకేసారి పెట్టినా మామూలుగా రెండు ఆంప్‌లు దాటవు. వెయ్యి వాట్ల కెటిల్ పెడితే నాలుగు ఆంప్‌ల పైనే లాగుతుంది, కాసేపట్లో ఎంసీబీ టక్కున పడిపోతుంది. ఎవరినీ వార్డెన్ వెళ్లి తిట్టక్కర్లేదు.

బిల్లు సంగతంటారా, 5,000 ఎంఏహెచ్ ఫోన్ సున్నా నుంచి నూరుకి ఎక్కాలంటే యూనిట్‌లో నలభయ్యో వంతు చాలు. నలభై ఫోన్లు నింపితే ఒక్క యూనిట్. ఒక పూట టిఫిన్‌లో మిగిలిపోయే చట్నీ పాటి ఖర్చు లేదు.

బోర్డు ఎక్కడ పెట్టించాలో కూడా చెప్తాను: మంచం తలాపున వద్దు. గోడకి చెక్క అల్మరా ఉంటుంది కదా, దాని పైన, గాలి తగిలేచోట. తలాపున ప్లగ్గుంటే ఫోన్ పరుపు మీదికే చేరుతుంది, దాని వేడి బయటికి పోయే దారుండదు. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఇంకో ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి మంచాల కింద పాకించే పద్ధతి కూడా ఈ దెబ్బతో పోతుంది.

ఇక తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ. ల్యాప్‌టాప్ సెట్టింగ్స్‌లో ఎనభై దగ్గర చార్జింగ్ ఆపే ఏర్పాటు చాలా కంపెనీలు ఇస్తున్నాయి, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. రోజంతా వైరు తగిలించి చదివేవాళ్లు దాన్ని తప్పకుండా ఆన్ చేయండి. చాలా కొత్త ఫోన్లలో కూడా ఇది ఉంది. చార్జింగ్‌లో ఉండగా గేమ్ ఆడొద్దని చెప్తే వినరని తెలుసు, కనీసం వెనక కవరైనా తీసి ఆడండి. చార్జర్ కొనేటప్పుడు దాని మీద బీఐఎస్ గుర్తు, ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్నాయో లేదో చూడండి. మెట్రో మెట్ల కింద వంద రూపాయలకి దొరికేదాంట్లో నేను ఎన్నిసార్లు వెతికినా అది కనిపించలేదు. ఎల్‌బీ నగర్ రింగ్ రోడ్డు మీద బైకు హ్యాండిల్‌కి ఫోన్ బిగించుకుని ఎండలో తిరిగే డెలివరీ తమ్ముళ్లూ, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడైనా దాని మీద చెయ్యి అడ్డం పెట్టండి. నవ్వుకోండి పర్లేదు.

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి ఒక నిబంధన వచ్చింది. అక్కడ అమ్మే ఫోన్, ట్యాబ్ బ్యాటరీ 800 సార్లు నిండా చార్జ్ అయ్యాక కూడా 80 శాతం సత్తువ నిలుపుకోవాలి. మనకీ అట్లాంటిది రావాలని అడుగుదాం. అది వచ్చేలోగా మన చేతిలో ఉన్నది ఈ ప్లగ్గే.

నా తోటి షాపుల వాళ్లకు ఒక మాట. ఉబ్బిన బ్యాటరీని తెచ్చినవాళ్లకే తిరిగిచ్చి పంపొద్దు. వాళ్లు తీసుకెళ్లి హాస్టల్ చెత్తబుట్టలో వేస్తారు, అది చెత్త ఆటోలో నలిగితే మంటే. పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత కంపెనీలదేనని 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. మనం నాలుగు పోగుచేసి, కొనల మీద టేపు అంటించి, ఇసుక పోసిన డబ్బాలో పెట్టి ఆ కంపెనీలకి అప్పగిద్దాం.

మీ బ్యాటరీ ఉబ్బిందో లేదో చూసుకోవడం తేలికే. కవరు తీసి, ఫోన్‌ను నున్నటి బండ మీద వెల్లకిలా, బోర్లా పెట్టి వేలితో తిప్పండి. బొంగరంలా గిరగిరా తిరిగితే అనుమానించాల్సిందే. స్క్రీను అంచు లేచి లోపలి వెలుతురు కనిపించినా అంతే. దాన్ని నొక్కకండి, సూదితో పొడవకండి, చార్జింగ్ అసలే పెట్టకండి. దగ్గర్లో ఉన్న ఏ షాపుకైనా తీసుకెళ్లండి. నా దగ్గరికే వస్తే చూసినందుకు డబ్బులు తీసుకోను. ఆదివారం మధ్యాహ్నం మాత్రం రాకండి, ఆ పూట నిద్రపోతాను.