నాలుగు శాతం వ్యాజ్యానికి సాక్ష్యం గ్రామాల నుంచే రావాలి

ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద లభిస్తున్న నాలుగు శాతం రిజర్వేషన్‌కు ఇంతవరకు తుది తీర్పు అండ లేదు. 2010 మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వే దానికి ఆధారం. గుమ్మఘట్టలో ఒక షేక్ కుటుంబపు బిడ్డ ఈ ధ్రువపత్రంతో కళాశాల సీటుకు దరఖాస్తు చేసుకుంటే, ఆ హక్కు రాజ్యాంగ ధర్మాసనం తేల్చవలసిన వ్యాజ్యానికి లోబడి ఉంటుంది. అందువల్ల ఆ వ్యాజ్యాన్ని ఎలా గెలవాలన్నది న్యాయవాదులకు మాత్రమే వదిలివేయదగిన విషయం కాదు.

రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయం హైకోర్టులో మూడుసార్లు వీగిపోయింది. 2004 జూలైలో ఇచ్చిన ఐదు శాతం ఉత్తర్వును అదే ఏడాది సెప్టెంబరులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టివేసింది. ముస్లింలను వెనుకబడిన తరగతిగా గుర్తించడానికి రాజ్యాంగం అడ్డు కాదని ఆ తీర్పే అంగీకరించింది. లోపం బీసీ కమిషన్‌ను సంప్రదించకపోవడంలో ఉంది. 2005 నాటి చట్టం కమిషన్ సిఫారసుతో వచ్చినా, వెనుకబాటును కొలిచే ప్రమాణాలు సరిగా లేవని నవంబరులో రద్దయింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక తర్వాత, ముస్లింలందరికీ కాక నిర్దిష్ట వర్గాలకే వర్తించేలా కొత్త చట్టం వచ్చింది. 2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తులలో ఐదుగురు దానినీ తోసిపుచ్చారు. చట్టం మతప్రాతిపదికన ఉందన్నారు. సేకరించిన సమాచారం చాలదన్నారు. మొదటి ఆక్షేపణకు న్యాయవాదనతో బదులివ్వవచ్చు. రెండవదానికి బదులు గణాంకాలే.

గెలిచిన వ్యాజ్యం కూడా మన రాష్ట్ర చరిత్రలోనే ఉంది. 1970లో ప్రకటించిన వెనుకబడిన తరగతుల జాబితాను హైకోర్టు కొట్టివేయగా, 1972లో బలరాం కేసులో సుప్రీంకోర్టు దానిని నిలబెట్టింది. అనంతపురం పల్లెల్లో మనకు సుపరిచితులైన దూదేకుల, నూర్‌బాష్ వర్గం బీసీ-బిలో స్థానం పొందినది ఆ జాబితాతోనే. మతం ఏదైనా, వృత్తివల్ల, సామాజిక స్థితివల్ల వెనుకబడిన వర్గం వెనుకబడిన వర్గమేనన్నది అక్కడి సూత్రం. ఫకీరు, హజాం, ఖురేషీ, అత్తరు సాయిబుల విషయంలోనూ మన వాదన ఇదే కావాలి. సభల్లో దీనిని 'మతానికి దక్కిన వాటా'గా చెప్పుకోవడం ప్రత్యర్థి వాదనకు బలమిచ్చినట్లే.

ఇక్కడ ఒక చిక్కును గుర్తించాలి. కరువు గుమ్మఘట్టలో అందరిదీ. వేరుశెనగ ఎండిపోతే ఏ కులపు రైతైనా నష్టపోతాడు. బళ్లారికో బెంగళూరుకో వలస అన్ని ఇళ్ల నుంచీ సాగుతుంది. పేదరికాన్ని మాత్రమే వర్ణిస్తే సామాజిక వెనుకబాటు రుజువు కాదు. అదే కరువులో, అదే ఊరిలో, పక్క వర్గాలతో పోల్చినప్పుడు మన పిల్లలు ఏ తరగతిలో బడి మానుతున్నారు, ఆడపిల్లలకు ఏ వయసులో పెళ్లి చేస్తున్నారు, ప్రభుత్వోద్యోగం చూసిన ఇళ్లెన్ని, భూమి ఉన్న ఇళ్లెన్ని, ఏ వృత్తిని ఊరు చిన్నచూపు చూస్తోంది? మండల్ కమిషన్ సామాజిక, విద్యా, ఆర్థిక సూచికలు పదకొండింటిని ఎంచుకున్నది ఇందుకే. ఈ పోలిక లేని విజ్ఞప్తి కోర్టులో నిలవదు.

ఈ పని రాష్ట్ర బీసీ కమిషన్‌ది. సుప్రీంకోర్టులో అప్పీలు చేసినది రాష్ట్ర ప్రభుత్వమే కనుక, తన చట్టాన్ని నిలబెట్టుకోవడానికి వర్గాలవారీగా తాజా సర్వే జరిపించవలసిన బాధ్యతా దానిదే. ప్రభుత్వం మీదే భారం వేసి ఊరుకుంటే ఏమవుతుందో పక్కనున్న కర్ణాటక చూపింది. 2023 మార్చిలో అక్కడి ప్రభుత్వమే 2-బి కింద ముస్లింలకున్న నాలుగు శాతాన్ని తొలగించింది. దానిని సవాలు చేస్తూ బాధితులే సుప్రీంకోర్టు తలుపు తట్టవలసి వచ్చింది. అందుచేత లబ్ధి పొందుతున్న వర్గాల సంఘాలు ఈ వ్యాజ్యంలో స్వయంగా తమ వాదన వినిపించుకోవాలి.

వాటా పెంచాలన్న కోరికను ఈ వ్యాజ్యంలో కలపరాదని మా అభిప్రాయం. ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, బీసీ-ఇతో కలిపి బీసీలకు 29. మొత్తం సరిగ్గా 50. ఐదును నాలుగుగా తగ్గించడంతో ఈ చట్టం ఆ పరిమితిలో ఒదిగింది. పరిమితి దాటే డిమాండు న్యాయమైనదే కావచ్చు, కానీ దాని పోరాటం వేరు. ఉన్నదాన్ని ఆ పందెంలో ఒడ్డకూడదు.

జమాఅత్ పెద్దలకు, విద్యావంతులైన యువతకు మా విన్నపం ఒక్కటే. బడి మానివేత, ఉద్యోగం, భూమి, వృత్తి వివరాలను వర్గాలవారీగా, ఇల్లిల్లూ తిరిగి నమోదు చేయండి. పొరుగు వర్గాల వివరాలతో పోల్చి, కమిషన్‌కు రాతపూర్వకంగా సమర్పించి, రసీదు తీసుకోండి. మీరు రాసే లెక్క కమిషన్ సర్వేకు ప్రత్యామ్నాయం కాదు. కానీ సర్వే జరపక తప్పని స్థితిని ప్రభుత్వానికి కల్పిస్తుంది. ఏ ధర్మాసనమైనా తన ముందుకు వచ్చిన పత్రాలనే చూస్తుంది. గుమ్మఘట్ట సంగతి ఆ పత్రాలలో లేకపోతే, న్యాయమూర్తుల దృష్టికి అది రానే రాదు.