గోడలకున్న చరిత్ర వాళ్లకు లేదా?

విశ్వవిద్యాలయం చరిత్ర అనగానే మనకు చూపించేవి మూడే: ఒక భవనం, ఒక స్థాపకుడు, గోడ మీద వరసగా వేలాడే వైస్ ఛాన్సలర్ల ఫోటోలు. ఉత్సవాలు వచ్చినప్పుడు వీటికి దండలు వేస్తారు, సావనీరు అచ్చేస్తారు, అక్కడితో చరిత్ర భద్రమైపోయిందనుకుంటారు. 2017లో ఉస్మానియా శతాబ్ది ఉత్సవాలప్పుడు ఎటు చూసినా 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం బొమ్మే. అందమైన భవనమే, కాదనను. కానీ ఆ మెట్లెక్కిన అమ్మాయిలెవరు? ఇంట్లో ఎవరిని ఒప్పించి, ఎవరిని ఎదిరించి వచ్చారు? ఎవరు మధ్యలో ఆగిపోయారు, ఎందుకు? ఈ ప్రశ్నలకు రాయీ సున్నమూ జవాబు చెప్పవు. చెప్పగలిగినవి వాళ్ల ఫోటోలు, వాళ్ల ఉత్తరాలు. వాటిని చరిత్రగా లెక్కించడానికే మన విద్యాసంస్థలకు మనసొప్పడం లేదు.

కోఠీ మహిళా కళాశాలనే తీసుకుందాం. 1924లో కొద్దిమంది అమ్మాయిలతో మొదలైన ఈ కాలేజీ, హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన మరుసటేడు, 1949లో, పాత బ్రిటిష్ రెసిడెన్సీలోకి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించిన భవనం అది. శిథిలమవుతున్న ఆ భవనాన్ని కాపాడాలని వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తన 2002 జాబితాలో చేర్చింది. ఏళ్ల తరబడి మరమ్మతులు జరిగి 2023లో తిరిగి తెరిచారు. మంచి పనే. కానీ ఆ భవనం కథ చెప్పమంటే ఎవరైనా కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల ప్రేమకథే చెబుతారు. 2002లో విలియం డాల్రింపుల్ పుస్తకం ‘వైట్ మొగల్స్’ వచ్చాక అది మరీ ఎక్కువైంది. ఆ దర్బారు హాలు నీడలో డెబ్భై అయిదేళ్లకు పైగా ఆడపిల్లలు చదువుకున్నారన్న సంగతి మాత్రం కథ చివర ఒక వాక్యం!

ఇంతకీ ఆ ప్రేమకథ మనదాకా ఎలా వచ్చింది? భవనం చెప్పలేదు. ఖైరున్నీసా ఉన్న జనానా, రంగమహల్, పందొమ్మిదో శతాబ్దంలోనే నేలమట్టమయింది. మగవాడి మేడ నిలిచింది, ఆడదాని ఇల్లు పోయింది. నిలిచినవి ఉత్తరాలు. పసిపిల్లగా ఇంగ్లండు పంపేసిన మనవరాలు కిట్టీకి, హైదరాబాదులో మిగిలిపోయిన అమ్మమ్మ షరఫున్నీసాకి మధ్య ఎన్నో ఏళ్ల తర్వాత నడిచిన ఉత్తరాలు. వాటిని భద్రపరచింది ఏ ప్రభుత్వ కచేరీయో కాదు, ఒక కుటుంబం. రెసిడెంటు ఇంటి ఆడవాళ్ల ఉత్తరాలు చరిత్ర అయినప్పుడు, అదే ఆవరణలో చదువుకున్న అమ్మాయి ఇంటికి రాసిన ఉత్తరం చరిత్ర ఎందుకు కాదు?

పరిశోధన కోసం తొలితరం తెలంగాణ రచయిత్రుల ఆనవాళ్లు వెతుకుతూ నేనొక కాలేజీ రికార్డు గదికి వెళ్లాను. ఏ కాలేజీ అన్నది ఇక్కడ అనవసరం. పాత గ్రూప్ ఫోటో ఒకటి చూపించారు. కింద పేర్లున్నాయి. కూర్చున్న మగ అధ్యాపకులకు పూర్తి పేరూ, డిగ్రీలూ. ఇద్దరు అధ్యాపకురాళ్లకు ‘శ్రీమతి’ పక్కన భర్త పేరు. వెనక నిలబడిన పదిహేను మంది అమ్మాయిలకూ కలిపి ఒకే మాట: ‘విద్యార్థినులు’. ఉత్తరాలేమైనా ఉన్నాయా అని అడిగితే అక్కడి ఉద్యోగి ఆశ్చర్యపోయాడు. “ఆఫీసు ఫైళ్లయితే ఉంటాయి గానీ, ఆడపిల్లల పర్సనల్ ఉత్తరాలు ఎవరు దాస్తారు మేడం?”

అతనొక్కడి మాట కాదిది. మన సంస్థల సిద్ధాంతమే ఇది. స్థలం కోసం వైస్ ఛాన్సలర్ ప్రభుత్వానికి రాస్తే అది రికార్డు. పెళ్లి ఇంకో ఏడాది ఆపమని, పరీక్ష రాయనివ్వమని కూతురు తండ్రికి రాస్తే అది పర్సనల్! ఆ రెండో ఉత్తరం గెలవకపోతే క్లాసులో ఒక బెంచీ ఖాళీ అవుతుంది. ఎంతమంది చేరారో, ఎంతమంది ఆగిపోయారో రిజిస్టరు చెబుతుంది. ఎందుకన్నది ఆ ఉత్తరమే చెబుతుంది.

ఉద్యమాల చరిత్ర కూడా ఇంతే. 1938 వందేమాతరం ఉద్యమంలో ఉస్మానియా నుంచి వెళ్లగొట్టిన విద్యార్థుల కథ మనకు కంఠతా వచ్చు. 1974లో ప్రగతిశీల మహిళా సంఘాన్ని నిర్మించిన విద్యార్థినుల కరపత్రాలు, ఉత్తరాలు, ఫోటోలు ఏ సావనీరులో చూశాం? తెలంగాణ పలుకుబడిని కథల్లోకి తెచ్చిన పాకాల యశోదారెడ్డి కోఠీలో తెలుగు పాఠం చెప్పారు. ఆమె కథలు మన చేతిలో ఉన్నాయి. ఆ పాఠం విన్న అమ్మాయిల నోటుబుక్కులు ఎవరి అటక మీద చెదలు పడుతున్నాయి?

అయితే పెట్టెలు తెరిచి దొరికినవన్నీ స్కాన్ చేసి అందరి ముందూ పెట్టమని కాదు నేననేది. 1892లో రాజా దీన్‌దయాళ్ హైదరాబాదులో పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచినప్పుడు ఫోటోలు తీయడానికి ఒక ఆంగ్ల మహిళను పెట్టాల్సి వచ్చింది. పరాయి కళ్లు చూడకూడదన్న షరతు మీదే ఆ స్త్రీలు కెమెరా ముందు కూర్చున్నారు. ఆ షరతు వెనక పితృస్వామ్యం ఉంది, నిజమే. అంతమాత్రాన ఆ స్త్రీల ఇష్టాయిష్టాలు ఈరోజు మనకు అక్కర్లేదా? ఉత్తరం ఇచ్చే స్త్రీకి, ఇన్నేళ్లవరకు తెరవొద్దనీ, ఫలానా పేరు దాచమనీ చెప్పే హక్కుండాలి.

ఇంకో మాట. ఫోటోలూ ఉత్తరాలూ అనగానే చదువుకున్న, అగ్రకుల కుటుంబాల పెట్టెలే మన కళ్లముందు కదులుతాయి. తల్లిదండ్రులకు చదువు రాని దళిత విద్యార్థిని ఎవరికి ఉత్తరం రాస్తుంది? ఆమె దగ్గరున్నది మనీఆర్డరు ఫారం అడుగున ఎవరిచేతో రాయించి పంపిన రెండు వాక్యాలు కావచ్చు. ఆమె ఫోటో హాల్‌టికెట్టు మీద అంటించినదొక్కటే కావచ్చు. గడువు తీరిందని తూకానికి అమ్మేసే స్కాలర్‌షిప్ దరఖాస్తుల్లో ఆమె చేవ్రాలు ఉంటుంది. ఆర్కైవ్ అంటే ఏమిటో ఇక్కడినుంచి నిర్వచించుకోకపోతే మనమూ మరో గోడే కడతాం.

భాష సంగతీ ఉంది. 1948 దాకా ఉస్మానియా బోధనాభాష ఉర్దూ. ఆనాటి ఫోటో వెనక ఉర్దూలో రాసిన పేరును చదవగలిగినవాళ్లు మన తెలుగు శాఖల్లో ఎంతమంది? దార్-ఉల్-తర్జుమా అనువాదాల గొప్ప చెప్పుకునేవాళ్లం, ఆ చదువు చదివిన అమ్మాయిల చేతిరాతను అనువదించుకోలేమా?

కోఠీ కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. తర్వాత దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. సంతోషమే. కానీ ఐలమ్మ గొంతు మనకెలా దక్కింది? ఆమె ఉత్తరాలు రాయలేదు. స్త్రీశక్తి సంఘటన మహిళలు టేపు రికార్డర్లు పట్టుకుని ఊళ్లకు వెళ్లి, సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు రికార్డు చేసి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చువేశారు కాబట్టి దక్కింది. ఐలమ్మ పేరు పెట్టుకున్న చోటికి ఆ పని వారసత్వం కూడా వస్తుంది. బోర్డు మీద పేరు మార్చినంత మాత్రాన ఆ బాధ్యత తీరదు.

చేయాల్సింది కోట్ల రూపాయల పని కాదు. పూర్వ విద్యార్థినుల్ని పిలిచి పాత ఫోటోలు ముందు పెట్టండి, ప్రతి ముఖానికీ సొంత పేరు రాయించండి, భర్త పేరు కాదు. స్కాన్ చేసేటప్పుడు ఫోటో వెనకవైపు కూడా చేయండి. కాగితాన్ని పాడుచేసే లామినేషన్ మానండి. పాత దరఖాస్తులు అమ్మేముందు ఒక స్త్రీవాద పరిశోధకురాలికి చూపించండి. సంస్థలు కదలకపోతే ఈ పని మనమే మొదలుపెట్టాలి, మన అమ్మలతో, మన టీచర్లతో. 1950ల్లో ఆ మెట్లెక్కిన అమ్మాయిలు ఇప్పుడు తొంభైకి అటూ ఇటూ ఉన్నారు. గోడలు ఇంకో వందేళ్లు ఆగుతాయి. వాళ్లు ఆగలేరు.