యంత్రానికి త్యాగం తెలుసా?

మా హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక చదరంగం బల్ల చుట్టూ పదిమందికి తక్కువ చేరం. మొన్నొకరోజు ఒక మిత్రుడు ఊరికే గుర్రాన్ని బలి ఇచ్చేశాడు. అందరం నవ్వాం. చివరికి ఆట వాడే గెలిచాడు. "కంప్యూటరైతే ఇలా ఇవ్వగలదా?" అన్నాడొకడు. "లెక్కలు కట్టే యంత్రానికి త్యాగమేమిట్రా!" అన్నాడింకొకడు. ఆ రాత్రి నోరు మెదపని నేను నా అభిప్రాయాన్ని ఇక్కడ మనవి చేసుకుంటున్నాను.

1950లో క్లాడ్ షానన్ అనే అమెరికన్ గణితవేత్త యంత్రం చేత చదరంగం ఆడించే పద్ధతిని వివరిస్తూ పావులకు విలువ కట్టాడు. మంత్రికి 9, ఏనుగుకు 5, శకటుకూ గుర్రానికీ 3 చొప్పున, బంటుకు 1. ఈ పట్టీ ప్రకారం గుర్రాన్ని వదులుకోవడం మూడు బంట్ల నష్టం. మరి యంత్రం బలి ఎలా ఇస్తుంది? నేనిలా ఆడితే వాడెలా ఆడతాడు, దానికి నేనేం చేయాలి అంటూ ఎత్తుకు పై ఎత్తు చూసుకుంటూ పోయి, చివర మిగిలిన స్థితికి మార్కులేస్తుంది. పోయిన గుర్రం అయిదారెత్తుల్లో మంత్రిని తెచ్చిపెడుతుందని కనబడితే ఇస్తుంది. లాభం దాని చూపు ఆనే మేర దాటి ఉంటే మాత్రం అది నష్టం కిందే లెక్క.

రుడాల్ఫ్ స్పీల్‌మన్ అనే ఆటగాడు 1935లోనే బలులను రెండుగా విడదీశాడు. ప్రతిఫలం లెక్కకు అందేది ఉత్తుత్తి బలి, అందనిది అసలు బలి. పాత యంత్రాలకు మొదటిదే చేతనయ్యేది.

1997లో డీప్ బ్లూ కాస్పరోవ్‌ను ఓడించిన ఆఖరి ఆటలో గుర్రాన్ని బలి ఇచ్చి 19 ఎత్తుల్లో ముగించింది. అది సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను చూడగల యంత్రం. అయినా ఆ బలి మనుషులు ముందుగానే దాని ప్రారంభపు ఎత్తుల జాబితాలో రాసిపెట్టినదే!

2017లో వచ్చిన ఆల్ఫాజీరో కథ వేరు. దానికి నియమాలు తప్ప ఏ విలువల పట్టీ ఇవ్వలేదు. తనతో తానే లక్షలాది ఆటలాడి, ఏ స్థితిలో గెలుపు అవకాశమెంతో అనుభవం మీద అంచనా కట్టడం నేర్చుకుంది. స్టాక్‌ఫిష్ చూసే స్థితుల్లో దాదాపు వెయ్యోవంతే చూస్తూ, వెంటనే ప్రతిఫలం కనబడని బలులిచ్చి దాన్ని ఓడించింది. 2020లో స్టాక్‌ఫిష్ కూడా ఇలా నేర్చుకున్న అంచనానే తనలో చేర్చుకుంది.

మాది వ్యవసాయ కుటుంబం. విత్తనపు వడ్లు నారుమడిలో చల్లిన రోజున గాదె చూస్తే నష్టమే కనబడుతుంది. నాన్న ప్రతి గింజకూ లెక్క కట్టడు. నేలా వానా తెలిసిన అనుభవంతో చల్లుతాడు. ఆల్ఫాజీరో అంచనా కూడా ఇలాంటిదే కనుక, బలి విలువ యంత్రానికి తెలియదనే మాట ఇక చెల్లదు. అయితే విలువ తెలియడం వేరు, త్యాగం చేయడం వేరు. ఓడితే యంత్రం మరో ఆట మొదలుపెడుతుంది. పంట పోతే ఇంట్లో పస్తులు.

నన్ను కాలేజీలో చేర్పించడానికి నాన్న పాడిగేదెను అమ్మాడు. "నష్టబేరం చేశావయ్యా" అన్నారు ఊళ్ళోవాళ్ళు. వారిది షానన్ పట్టీ. మిత్రులారా, మనలో చాలామంది వెనుక ఇలాంటి ఎత్తొకటి ఉంది. అది సరైన ఎత్తో కాదో తేల్చవలసింది మాత్రం మనమే.

— బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి