తవ్విన చోట దారి చూపేదెవరు?

అబిడ్స్ జీపీఓ దగ్గర కేబుల్ కోసం రోడ్డు తవ్వితే కనిపించేదేంటి? రెండు బారికేడ్లు, ఓ ఎర్ర రిబ్బన్, విజిల్ ఊదే కుర్రాడు. గుంత దగ్గరికొచ్చాకగానీ బైక్ మీదున్నోడికి విషయం తెలీదు. కాంట్రాక్టర్‌ని తిట్టుకుని వెళ్లిపోతాం. నాకైతే అక్కడ ఓ ఇంజినీర్ పోస్టు ఖాళీగా కనిపిస్తుంది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2014లో సవరించిన ఎస్‌పీ-55 మార్గదర్శకాలు దీనికోసమే. ముందస్తు హెచ్చరిక, వాహనాల్ని పక్కకు మళ్లించే చోటు, పని జరిగే చోటు, మళ్లీ పాత లేన్‌లోకి వదిలే చోటు అని రోడ్డును నాలుగు భాగాలుగా చూస్తాయి. బోర్డు ఎంత ముందు పెట్టాలన్నది వాహనాల వేగాన్ని బట్టి ఉంటుంది. చదవడం తేలికే, నాంపల్లిలో అమలు చేయడమే కష్టం. జనవరి 1న నుమాయిష్ మొదలైతే సాయంత్రమయ్యేసరికి జనమంతా ఎగ్జిబిషన్ గ్రౌండ్ వైపే. ఇంకోపక్క పెట్టెలు మోసుకుంటూ రైల్వేస్టేషన్‌కు ఉరికేవాళ్లు. ఫుట్‌పాత్ కూడా మూసేస్తే వాళ్లెక్కడ నడవాలి? ప్లాన్ గీసేవాళ్లు ఆటోలు ఆగే చోటునూ లెక్కేయాలి.

సివిల్ చదివినవాళ్లు చాలామంది కోడింగ్ కోచింగ్‌కి అమీర్‌పేట బాట పడుతున్నారు. తప్పనను, కంప్యూటర్ల మీద రాసుకు బతికేవాణ్ని నేనూ. కానీ ఆటోక్యాడ్ వస్తే ఈ ఆదివారం పొద్దున్నే నాంపల్లి స్టేషన్ రోడ్డుకెళ్లి వెడల్పు కొలవండి. ఒక లేన్ మూస్తే ఏ బోర్డు ఎక్కడో, నడిచేవాళ్లకు దారెక్కడో షీట్ మీద గీయండి. సైట్ ఇంజినీర్ ఇంటర్వ్యూకి రెజ్యూమెతోపాటు ఆ షీటూ పట్టుకెళ్లండి.